నాలుగు బొటనవేళ్ళు

తేజ కాయ ఘాటు ముందు ముక్కుకి తెలుస్తుంది,
తర్వాత కళ్ళకి.
పొట్టకి తెలియడానికి పదకొండేళ్ళు పట్టింది.

నల్లపాడు రోడ్డులో ఏసీ గోదాము పక్కన రేకుల షెడ్డు,
అందులో మేం తొడిమలు తీస్తాం, కిలోకి ఇంతని.
పనేం పెద్దది కాదు,
బొటనవేలి గోరు కాయ మెడ మీద ఆనించి ఒక్క నొక్కు.
రోజుకి ఎన్ని మెడలో
లెక్క కాంట్రాక్టరుకీ తెలీదు, దేవుడికీ తెలీదు,
గోరుకి తెలుసు.

అన్నం ముందు కూర్చుంటే
ఎవరో లోపల టిక్కీ దించినట్టు బరువు.
రెండో ముద్దకే చాలనిపిస్తుంది,
అర్ధరాత్రి గొంతులోకి పులుపు ఎగదంతుంది.
వాము నమిలాను. గులాబీరంగు సీసాలు తాగాను.
పాస్టరుగారి నూనె రాశాను.
పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూసి
"పుండేం లేదమ్మా, టైముకి తిను" అన్నారు.
టైము మా మేస్త్రీ జేబులో ఉంటుందని
గొట్టంలోంచి కనపడదు కదా.

అరండల్‌పేటలో జిరాక్సు కొట్టు మీద
ఫర్హానా డాక్టరమ్మ గది.
"చెయ్యి ఇటివ్వు సలోమీ" అంది.
దాచుకున్నాను.
గీతలన్నీ అరిగిపోయిన వేలది,
రేషను కొట్టు మిషను మూడుసార్లు నొక్కించుకుని
నీది కాదు పొమ్మనే వేలు.

ఆమె ఆ వేలే పట్టుకుని
బొడ్డు పైన అడ్డంగా ఆనించింది.
ఒకటి. దాని మీద రెండు. మూడు.
నాలుగు దగ్గర ఆగి, ఇదిగో, అంది.
"మీ వేలితో కొలవచ్చుగా అమ్మా?"
"నా వేలు నా పొట్టకి.
నీ పొట్టకి నీ వేలే గజంబద్ద.
చీనా వైద్యంలో అదీ లెక్క."

యార్డులో కాటా వాళ్ళది, తరుగు వాళ్ళది,
చివరికి చీటీ మీద అంకె కూడా వాళ్ళ చేతిరాతే.
నా ఒంటి మీద నా కొలత
అప్పుడే చూశాను.

చీనావాళ్ళ లెక్కలో పొట్ట ఒక గాదె అట,
ఆ చుక్క దాని నడిమి గది.
సరుకు దిగితే సరిపోదట, కదలాలట.
గోదాము సంగతి నాకా చెప్పేది,
నవ్వుకున్నాను.

సూది వెంట్రుకంత.
గుచ్చిందో లేదో తెలీలేదు గానీ
చేద బావి నీళ్ళని తాకినప్పుడు తాడు పట్టినట్టు
ఏదో పట్టింది లోపల.
నొప్పి కాదు. మంట మాత్రం ఉంది,
నా వేలు ఆనిన నాలుగు చోట్లా,
ఎంత సబ్బు రుద్దినా పోని మిరప మంట.
కాసేపటికి పొట్ట గుర్రుమంది.
సిగ్గుపడ్డాను.
"మాట్లాడనీ" అంది డాక్టరమ్మ.

మర్నాడు షెడ్డులో సద్దన్నాల వేళ
నాగేంద్రం, ఏసుమరి, మరో ముగ్గురు
చీరల మీదనుంచే వేళ్ళు పేర్చుకుంటూ
ఒకటి, రెండు, అని నవ్వులు.
నాగేంద్రం నాలుగూ రవికె దాకా పోయాయి,
దానిది అంత లావు వేలు మరి.
బాజీబీకి ఐదో నెల. నొక్కొద్దే నువ్వు,
కడుపుతో ఉన్నవాళ్ళకి వద్దని చెప్పింది ఆమె, అన్నాను.
మేస్త్రీ అరిచాడు.
అరిచినా మూడు అని పైకే లెక్కపెట్టింది ఏసుమరి.

తగ్గిందా అని అడుగుతారు.
ఆరు సూదులయ్యాయి. ఏం చెప్పను,
మొన్న నాలుగు ముద్దలు దిగాయి,
నిన్న మళ్ళీ రెండే.
డాక్టరమ్మ కూడా ఒట్టు వెయ్యలేదు,
మేస్త్రీని అడిగి పెందలాడే తిను, అంది,
ఆమె కూడా.

ఇవాళ రేషను వరస.
మిషను ఒకసారి కాదంది. రెండోసారీ.
తుడుచుకుని రమ్మన్నాడు కుర్రాడు.
పక్కకి జరిగి, పైట చాటున
ఆ వేలే ఆనించుకున్నాను,
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
లోపల గుర్రుమంది,
నా వెనకావిడ వింది.