ఏ పక్కకి తిరిగితే

నెల్లిమర్లలో మిల్లు కూతే
మా ఇళ్ళకి గడియారం.
రెండో షిఫ్టు కూత పడ్డాక
టైంకీపర్ దాలినాయుడు గారు
చొక్కా మీది గోగునార నూగు దులుపుకుని
వీధరుగు మీద చెక్కపెట్టె తెరిచేవారు.

నాకప్పటికి తొమ్మిదేళ్ళు.
పాత క్యాలెండరు చింపి
పొట్లాలు మడవడం నా పని.
ఏకాదశి గడిలో ఎవరి జ్వరమో,
అమావాస్య గడిలో ఎవరి దగ్గో,
నాలుగేసి పంచదార గుళికలు.
ఒక్క మడత ఎక్కువైనా
"మందు కన్నా కాగితమే బరువైపోనాది గుంటా" అనేవారు.

ఆయన నాడి పట్టగా నేను చూడలేదు.
అడిగేవారు.
నొప్పి ఎలగుంటాది?
గుంజుతాదా, పోటెడతాదా, సలుపుతాదా?
ఏ పక్కకి తిరిగి తొంగుంటే తగ్గుతాది?
వానకి ముందా, వెలిశాకా?
ఉప్పు ఇష్టమా, పులుపా?
కలలొస్తాయా?

స్పిన్నింగులో ఇరవయ్యేళ్ళు నిలబడ్డ ఎర్నమ్మ
కలల మాటకి
పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.
నవ్వుతూ నవ్వుతూనే
తొలికాన్పులో పోయిన పిల్లకి
ఇంకా జడేస్తన్నట్టు కలొస్తాదని చెప్పింది.
మొగుడికి కూడా తెలీని మాట
అరుగు మీద పదిమంది ముందు.
ఎవరూ దగ్గలేదు.
ఆయన రాసుకుని
ఉప్పుతో చేసిన మందిచ్చారు.

అలా రాసినవి పదకొండు పుస్తకాలు.
కలకత్తా నుంచి పార్సిల్లో దిగిన
లావుపాటి ఇంగ్లీషు గ్రంథం
ఆయనకి సగమే బోధపడేది.
మిగతా సగం మా నోళ్ళతో పూడ్చుకున్నారు.
"ఎలకలు కొరికినట్టు – అసిరయ్య, బ్యాచింగు."
"తలలో రోకలి – బంగారమ్మ."
"కాలు నాది కాదన్నట్టు – వంతెన కాడ చేపలమ్మి."

ఆదివారాలు సైకిలెక్కి
చంపావతి దాటి, గుర్ల, గరివిడి,
బడి వరండాల్లో హోమియో చెప్పేవారు.
ఆరుగురొస్తే ఆరుగురికి.
ఒక్క మేకల కాపరి వస్తే
అతనికీ, మేకలకీ.
కాఫీ మానాలన్న దగ్గర సగం మంది లేచిపోయేవారు.
యూనియన్ సెక్రటరీ అయితే
హోమియోనే మానేశాడు.

రాయకుండా దాటలేనిది ఒకటుంది.
లాకౌటు రోజులు.
కోరాడ వాళ్ళ గుంటడికి గొంతు వాచింది.
రెండ్రోజులు గుళికలు మార్చి మార్చి చూశారు.
మూడో రోజు రిక్షా కట్టించి
విజయనగరం పెద్దాసుపత్రికి.
తిరిగొచ్చిన రిక్షాలో
తల్లి ఒళ్ళో దుప్పటి, దుప్పట్లో కదలిక లేదు.

ఏడో పుస్తకంలో ఆ పేరు పక్కన
మందు పేరు లేదు.
"నా ఆలస్యం" అని ఉంది.

నెల్లాళ్ళు పెట్టె తెరవలేదు.
తెరిచిననాడు మూత లోపల
ఎర్ర రంగుతో రాశారు:
రెండో రోజుకి తగ్గకపోతే ఆసుపత్రి.
పక్కనే ఒక రేకు డబ్బా, బస్సు ఛార్జీలకి.
జీతం రోజున అది మొదట నిండేది.
ఆ తల్లి మాత్రం
సంతకి చుట్టూ తిరిగి వెళ్ళేది,
మా వీధి తొక్కకుండా.
ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.
సంత రోజు అరుగు మీద
వీధికి వీపు పెట్టి కూర్చునేవారు.

ఇప్పుడు నేను సర్కారు ఆసుపత్రిలో నర్సుని.
బీరువా నిండా సూదులూ మాత్రలూ.
"ఆ గుళికల్లో ఏముందే?" అని డాక్టరమ్మ నవ్వుతుంది.
పంచదార ఉందని తెలుసు.
అంతకు మించి ఒట్టేసి చెప్పలేను.

పదకొండో పుస్తకం నా దగ్గరుంది.
ఆఖరి పేజీ ఆయనదే:
"దాలినాయుడు, డెబ్బై ఆరు.
రొమ్ములో తడిసిన గోనెసంచి.
ఎడం పక్కకి తిరిగితే బరువు.
అడిగేవాళ్ళు లేరు, నేనే అడుగుతున్నా.
కలలు: సైకిలు, ఎదురుగాలి.
పెద్దాసుపత్రికి రేపు."

నిన్న ఓపీలో నూట పద్నాలుగో చీటీ.
మోకాలన్నాడు ముసలాయన, చెయ్యి చాచి.
మాత్రలు లెక్కపెడుతూ
ఎందుకో నా నోరే జారింది:
"ఏ పక్కకి తిరిగితే తగ్గుతాది తాతా?"

వెనక లైను గొణిగింది.
తాత చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని,
తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని,
నా పక్క బల్ల మీద
నెమ్మదిగా కూర్చున్నాడు.