అరగంట

రాజేశం తన మెడికల్ షాపుల ఫ్రిజ్ తలుపు బార్లా తీసి చూపించిండు.
రెండు కండ్ల మందు సీసాలు, ఆయన సద్ది డబ్బా.
పెన్నులు తెచ్చే బండి ఆల్లపల్లి కాడ్నే ఆగిందట,
వాగు రోడ్డు మీదికెళ్ళి పోతున్నదట.
చీటీ మడిచి నా చేతిలనే పెట్టిండు
చెల్లని నోటు లెక్క.

వంతెన దాటి మహదేవ్‌పూర్ పోయిన.
ఆడ తెలుగుల లేదన్నరు,
ఈడ మరాఠీల నాహీ అన్నరు.

ఇంట్ల పాత పెన్నుల పద్దెనిమిది యూనిట్లు.
వైశాలికి రెండు పూటలు.
వంతెన మీద నిలబడి గోదారిని తిట్టిన:
గింత నీళ్ళు రాత్రికి రాత్రే దింపినవు,
నేనడిగేది చెంచాడు కాదానే.

లస్మక్క కాకర రసం తెచ్చింది.
పక్కింటాయన వాళ్ళమ్మ సీసా తెచ్చిండు, పాలోలె తెల్లగున్నది.
ఇంకెవరో రెండొద్దులు బువ్వ బందు పెట్టమన్నరు.
ఎవర్నీ ఏమనలే.
గ్లాసు పక్కకు పెట్టిన, సీసా వాపసిచ్చిన,
బిడ్డను సైకిలు ఎక్కించుకొని దవాఖానకు తొక్కిన.

మడావి సిస్టర్ సిగ్నలు కోసం నీళ్ళ టాంకి మెట్లెక్కి
చంద్రపూర్ డాక్టరుతోటి మాట్లాడింది.
దిగొచ్చి, చిన్న సీసా వెలుగుకు పట్టి చూసింది.
తేట నీళ్ళోలె ఉన్నది.
"ఇది పాతరకం. మా నాయినకు ఏండ్లకేండ్లు ఇదే ఇచ్చిన.
నీ పెన్నుది ఉరికే పోరి. ఇది ముసలవ్వ,
నిమ్మళంగ వస్తది, వచ్చినంక జల్దిన పోదు.
ఎర్ర మూత సూదే వాడు. నారింజ మూతది ముట్టకు, లెక్క తప్పుతది.
డాక్టరు చెప్పినంతే, నీ తెలివి కలపకు.
పొడిచినంక అర్ధా తాస్. అప్పుడే బువ్వ."

అర్ధా తాస్.
ఇరవై రెండేండ్లు సిరొంచ బస్టాండ్ల మిర్చీలు గోలిచ్చిన చేతులివి.
డ్రైవరు హారన్ కొడుతుంటె కిటికీలకు పొట్లం విసిరిన.
ఒక్కర్ని ఆగుమన్నది యాదికి లేదు.
వేడి మీద తిను, వేడి మీద తిను,
బిడ్డతోటి కూడ నేను మాట్లాడింది గంతే.

ఇప్పుడు పళ్ళెం మీద పళ్ళెం బోర్లించి
ఇద్దరం గోడ గడియారం దిక్కు కూసున్నం.
మొదటి రోజు ముచ్చటే దొరకలే.
రెండో రోజు తన మరాఠీ పుస్తకం చదివింది,
నాకు సగం తెలిసింది, సగం తెలిసినట్టు తలూపిన.
దొంగతనం పట్టేసింది.
"అమ్మా, నువ్వెన్నో తరగతిల ఆగినవ్?"
గది చెప్పుడు షురూ చేసిన్నో లేదో
అరగంట అయిపోయింది.

మూడో రాత్రి పన్నెండు దాటినంక
నుదురు తడిమితె చెమట.
మిషిన్ల యాభై ఎనిమిది.
ముసలవ్వ ఇంకా ఇంట్లనే తిరుగుతున్నది.
చక్కెర నీళ్ళు తాపి, పావుగంట లెక్కబెట్టి,
మల్ల వేలు గుచ్చి చూసిన.
తొంభై ఒకటి అనంగనే ఏడుపొచ్చింది, అది గుర్రు పెడుతున్నది.
పొద్దుగాల సిస్టర్ మల్ల టాంకి ఎక్కింది,
రాత్రి పూటకు రెండు యూనిట్లు తగ్గించింది.

తొమ్మిదో రోజు వాగు దిగింది.
రాజేశం పిలగాన్ని ఉరికించిండు పెన్నులిచ్చి.
ఆ రాత్రి వడ్డించి, చెయ్యి పోయి
పళ్ళెం మీద పళ్ళెం బోర్లించింది.
"ఇగ ఆగుడెందుకే?" అని నేనే నవ్విన.
వైశాలి పెన్ను తీయలే. పక్కకు జరిపింది.
"పొడుచుకున్నంక ఆగరాదు గద.
ముందుగాల్నే ఆగుదం.
ఆ పంతులు ఏమన్నడు, చెప్పు."

మూలకు తడి ఇసుక కుండల
చిన్న సీసా ఇంకా ఉన్నది.
మీది గుడ్డ ఆరినట్టు కనిపిస్తె
చెప్పుకుంటనే లేచి, తడిపి వచ్చిన.