రెండు షట్టర్లు

దేవరకొండ, సాగర్ రోడ్డు పక్క.
గుంతలు ఇంకా తవ్వలే, సున్నపు గీతలే పోసినం.
పగిడిమర్రి చంద్రమౌళి గారు గీత మీదనే కుర్చీ వేయించుకొని
నా కాగితాలు తిరగేస్తున్నడు,
తన దుకాణంల విత్తనాల సంచి చదివినట్టు,
ముందు ధర, తర్వాత పేరు.

ఆయన అడిగింది కింద ఏడు షట్టర్లు,
మీద మూడంతస్తుల కిరాయి ఇండ్లు.
నేను గీసింది ఐదు షట్టర్లే.
మిగిలిన రెండు జాగలల్ల, అటు చివర ఒకటి ఇటు చివర ఒకటి,
పునాది నుంచి పైకప్పు దాక
తలుపు లేని కిటికీ లేని కాంక్రీటు గోడలు.

"ఇవెందుకు?"
"భూమి కదిలితే పట్టుకుంటయి."
"మన భూమా?" మడమతో తన్ని చూపించిండు.
"కింద ఏకబండ. బోరు వేసినోడు రెండు బిట్లు పోగొట్టుకున్నడు."

అబద్ధం చెప్పలేను.
మ్యాపుల మన దిక్కు వేసిన రంగు అన్నిటికన్న పలుచన.
కానీ ఒక మాఘమాసం తెల్లారుజామున
మా మిర్యాలగూడ ఇంట్ల, అల్మారాల స్టీలు గ్లాసులు
ఎవరూ ముట్టకుండనే మోగినయి.
నాలుగు సెకండ్లు. తర్వాత కుక్కలు.
తర్వాత ఏం లేదు.
నాలుగు సెకండ్లు రాయనీకి ఎస్టిమేటుల గడి లేదు.

గోడలకు ఇనుము, సిమెంటు, కూలి
కలిపి మూడు లక్షల నలభై వేలు.
అది ఆయన్ను నొప్పించలే.
నొప్పి ఎక్కడో ఆయనే పెన్సిలు అడిగి రాసి చూపించిండు:
షట్టరుకు నెలకు ఎనిమిది వేలు, రెండు షట్టర్లు,
పన్నెండు నెలలు, ముప్పై ఏండ్లు.
"యాభై ఏడు లక్షల అరవై వేలు, మేడం.
మీ గోడ ధర ఇది."
ఈ లెక్క నాకు ఏ కాలేజీల చెప్పలే.

"పోనీ, ఒకటి ఉంచు."
"ఒకటే ఉంటే బిల్డింగు దాని చుట్టు తిరుగుతది,
గుంజకు కట్టిన గొడ్డు లెక్క.
ఉంటే రెండు. లేకుంటే రెండూ వద్దు."

ఇనుపకట్టు మేస్త్రి కావలి ఎల్లప్ప, మక్తల్ దిక్కు మనిషి,
చాయ గ్లాసు కింద పెట్టిండు.
"కచ్‌ల శిథిలాలు ఎత్తనీకి పోయినం సార్, మా గుంపు మొత్తం.
ఒక నాలుగంతస్తుల ఇల్లు. కింద అంతా బండ్లు పెట్టే జాగ.
మీది మూడు మంచిగనే ఉన్నయి,
కిటికీ అద్దం గూడ పల్గలే.
నేను మెట్లెక్కకుండనే
మొదటంతస్తు బాల్కనీల అడుగు పెట్టిన."

అంతే అన్నడు.
బత్తాయిల లారీ ఒకటి పోయింది రోడ్డు మీద.
సార్ కుర్చీ జరంత వణికింది.

చాలాసేపటికి:
"ముందట ఆ అద్దాల ఎలివేషను ఎంత?"
"నాలుగు లక్షలు."
పెన్సిలుతో ఆ గీత కొట్టేసిండు.
గోడల గీత కొట్టెయ్యలే. సంతకమూ పెట్టలే.
"ఆ గోడ రోడ్డు దిక్కే గద. మీద బోర్డు రాపిచ్చొచ్చా?"
"రాపిచ్చుండ్రి. మేకులు మాత్రం కొట్టొద్దు."
"ఏ కంపెనీ ఎంతిస్తదో కనుక్కుంట."

ఆయన పోయినంక
ఎల్లప్ప నమూనాకు ఒక రింగు వంచిండు.
కొక్కెం మూలమట్టం కాడ ఆపకుండ
ఇంకింత లోపలికి, కాలం కడుపులకు మలిపిండు.
రింగుకు నాలుగు వేళ్ల ఇనుము ఎక్కువైతది.
రేపు కాంక్రీటు పోస్తే కనపడదు.
దానికి కిరాయి ఎంతని
ఎవరూ అడగలే.