బాహుదా మొగ దగ్గర

పొలుసు ఒక్కటి చాలు.
గాజుపలక మీద పెట్టి కింద దీపం వేస్తే
ఇలస తన వయసు తానే చెబుతుంది:
మూడు గీతలు, మూడు వానాకాలాలు.

సోనాపురం రేవులో ఈ ఏడు
శ్రావణం వెళ్ళేదాకా నా పుస్తకంలో పదకొండు చేపలు.
"పదకొండా?" అంది సూరాడ కారమ్మ.
"మా అత్త రోజుల్లో పదకొండు గంపలొస్తే
ఆ పూట గాలి బాగోలేదనేవాళ్ళం."

ఆమె లెక్క తెలుగులో, బేరం ఒడియాలో,
తిట్టు రెండింట్లోనూ.
మొగకు ఇసక అడ్డం పడిందనీ
ఎగువ ఆనకట్టకు తలుపులే గాని చేప ఎక్కే దారి లేదనీ
నేను రాసుకున్నవన్నీ
ఆమె ఎప్పుడో తిట్టేసింది.

నిన్న చీకటితోనే కబురు.
వెళ్ళేసరికి నీళ్ళ తొట్టిలో ఇలస,
నిండు కడుపు, మొప్పలు ఇంకా ఆడుతున్నాయి.
"బరంపురం హోటలువాడు రెండువేలిస్తానన్నాడు."
అంతే, ఇంకేమీ అనలేదు.

వెన్నురెక్క పక్కన పసుపు చీటీ కుట్టాను.
నా చేతులు వణికాయి. ఆమెవి వణకలేదు.
ఇసకదిబ్బ దాటి, నడుంలోతు ఏటిలో
చంటిదానికి నీళ్ళు పోసినట్టు పట్టుకుని
వదిలేసింది.

చీటీ మీద నా ఫోను నంబరుంది.
చీర కొంగు పిండుకుంటూ అడిగింది:
"ఎవడికైనా దొరికితే నీకు చెబుతాడు సరే,
దొరక్కపోతే?"

పుస్తకంలో ఆ గడి
ఇంకా ఖాళీగానే ఉంచాను.