పీ.ఆర్.ఎన్.

స్టోర్నొవే ఆసుపత్రి కిటికీ అవతల పడవల గంటలు.
మంచం కాళ్ళ దగ్గర వేలాడే కాగితం.

బి.డి. అంటే రోజుకి రెండుసార్లు.
ఎన్.బి.ఎమ్. అంటే నోటికేమీ ఇవ్వొద్దని;
అది నాకు తెలిసేసరికి
టీ కప్పు ఫెరహర్ పెదాల దాకా వెళ్ళింది.

మార్ఫిన్ పక్కన పీ.ఆర్.ఎన్.
"లాటిన్," అంది నర్సు మోర్నా,
"అవసరమైనప్పుడు అని."

అవసరమా!
ఎవరు చెప్పాలి?
గాలం వేలిలో దిగినప్పుడు కూడా
చేపల ధర అడిగిన మనిషి.
ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఉప్పు అందించమనలేదు,
లేచి తెచ్చుకున్నాడు.

గంట మీట చేతికింద పెట్టి వెళ్ళారు.
ముట్టుకోడు.

దీపం తగ్గించి
అతని బొటనవేలు చదువుతున్నాను.
దుప్పటి అంచుని
వల ముడి వేస్తున్నట్టు నులుముతోంది.
ఇప్పుడు
ఇంకాస్త గట్టిగా.

నేనే నొక్కాను.