చివరి గాటు

మోక్పో రేవు వెనక సందులో
నాది మూడడుగుల కొట్టు.
బలపపు రాయి మీద, కొమ్ము మీద
జనాల పేర్లు తిరగేసి చెక్కుతాను.
ముద్ర నీదేనని రుజువుకి
వార్డు ఆఫీసులో వరస కట్టి
ఇంకో ముద్ర వేయించుకోవాలి.
ఆ ముద్రకు సాక్షి ఎవరని
నలభై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదు.

నిన్న ముసురులో వచ్చింది ప్యో సెబ్యోల్,
గొడుగు మడవకుండానే మొదలెట్టింది.
వాండో దగ్గర సముద్రపు నత్తల తోటల్లో
పిడికెడు యంత్రాలు తేలుతుంటాయట,
గంటగంటకీ నీటి వేడి కబురంపి
కిందో సంతకం పెడతాయట.
"ధ్రువపత్రాలు మోసే ఓపిక లేదు మేస్త్రీ వాటికి,
బ్యాటరీ గోలీకాయంత."

మరి తాళాలు మీ ఆఫీసే చేసివ్వచ్చుగా?
"చేసినవాడి దగ్గర నకలుంటుంది.
కంచే చేను మేస్తే?"

నవ్వొచ్చింది నాకు.
ఏ ముద్రా నేను పూర్తిగా చెక్కను.
ఒక్క గీత వదిలి, ఉలి వాళ్ళ చేతికిచ్చి
గోడకేసి తిరిగి బార్లీ టీ కాచుకుంటాను.
ఒకడు వంకరగా గీస్తాడు, ఒకావిడ వేలు కోసుకుంటుంది.
ఆ గాటు నేను చూడను.
రేపు నాకే దుర్బుద్ధి పుట్టినా
ఆ ముద్ర మళ్ళీ చెక్కడం నా వల్ల కాదు.

ఆమె బస్సు టికెట్టు వెనక ఏదో గీసింది, కొట్టేసింది.
"బయట వేలాడదీసిన అచ్చు ఎవడైనా మార్చేస్తే?"
మార్చనీ.
నా సగం వాడికెక్కడిది?
వాళ్ళ పేరు, వాళ్ళ అచ్చు, నా కొట్టు గుర్తు.
పోల్చుకోడానికి మూడూ చాలు,
ఆఫీసు మెట్లెక్కక్కర్లేదు.

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఒక రాయి కొనుక్కుంది, చవకది.
నేను గోడకేసి తిరిగాను.
ఉలి ఒక్కసారే చప్పుడైంది.

నా ముద్ర మాత్రం అంతా నేనే చెక్కుకున్నాను.
బ్యాంకులో ఇప్పటికీ రెండుసార్లు చూస్తారు.

రాత్రి పొగమంచు దిగింది.
ఎక్కడో ఆ చీకట్లో
ఎవరి సిఫార్సూ లేని పిడికెడు ప్రాణం
అలల మీద ఊగుతూ రాస్తుంటుంది:
పద్నాలుగు డిగ్రీలు.
ఇట్లు,
నేనే.