ఒక్క పన్ను

మూడోసారి విప్పేం.
అదే ఎస్టీమ్, అదే తెలుపు,
బానెట్ అంచుని ఉప్పుగాలి కొరికిన అదే తుప్పు.
మల్కాపురం రోడ్డు మీద ట్యాంకర్లు పోతుంటే
షెడ్డు రేకులతో పాటు
ట్రేలో పదో నంబరు బోల్టులూ వణుకుతున్నాయి.

బెల్టు కొత్తదే. రబ్బరు వాసనైనా పోలేదు.
టెన్షనర్ కొత్తది, స్ప్రింగూ కొత్తదే.
వేలితో నొక్కితే దిగాల్సినంతే దిగుతోంది.
అయినా స్టార్టు చేస్తే
నిద్రలో ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి,
సర్దుకుని, మళ్ళీ ఉలిక్కిపడి,
యారాడ ఘాట్ రెండో మలుపు కాడ
సెకండ్ గేర్లో కూడా
ఆయాసపడి ఆగిపోతోంది.

ప్లగ్గులు చూసేను. బాగానే ఉన్నాయి.
కార్బురేటర్ విప్పి ఊదేను.
డిస్ట్రిబ్యూటర్ని ఇటో వెంట్రుకవాసి, అటో వెంట్రుకవాసి తిప్పేను.
ఆఖరికి, చేతకానివాడు చేసే పనే,
పెట్రోలు బంకుని తిట్టేను.

విల్సన్ బాబు స్టూలు మీద కూర్చున్నారు.
పోర్టులో ముప్ఫయ్యేళ్ళు టగ్గు నడిపిన మనిషి,
మేడంత ఓడల్ని తాడు కట్టి ఒడ్డుకి లాగినాయన.
"దీని తత్వమే అంతరా సూరీడూ,
పాత బెల్టుకీ కొండెక్కేది కాదు.
ముసిల్దాన్ని ఎందుకేడిపిస్తావు?"

ఆ మాట దగ్గర నేను ఆగలేదు.
నూకరత్నం ఆగింది.
ఐటీఐ అయ్యి నా దగ్గర చేరి ఏడు నెలలు,
జడ టోపీలోకి దోపుకుని, మాట తక్కువ పిల్ల.

"పాత బెల్టుకీ అంతేనా బాబూ?
ఎప్పట్నించి?"
"అది వేయించిన కాడ్నుంచీని.
పెద్ద తుఫాను మరుసటేడు."

టార్చి పళ్ళతో పట్టుకుని
కిరసనాయిలు గుడ్డతో కామ్ చక్రం తోమడం మొదలెట్టింది,
తెల్ల పెయింటు చుక్క ఉన్న చోట.

ఆ చుక్క నాదే.
ఎడమ పక్కకి కొంచెం తోక, నా చేతివాటం.
మూడుసార్లూ దాన్నే చూసి
గుర్తు కుదిరిందనుకున్నాను.
తుడిస్తే చుక్క పోయింది, కింద ఏమీ లేదు,
నున్నటి ఇనుము.
పక్క పంటి దగ్గర, జిడ్డు కింద,
ఫ్యాక్టరీలో కొట్టిన సన్నటి గాటు
పుట్టుమచ్చలా బయటపడింది.

ఒక్క పన్ను తేడా.
పిస్టన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాక గానీ
ఎనిమిదేళ్ళూ వాల్వులు తలుపు తియ్యలేదు.
తెలీకుండానే విల్సన్ బాబు
బంకు బంకునా ఆ పన్ను కడుతూనే ఉన్నారు.
ఇంజనుకి స్వభావమని పేరు పెట్టి
నా తప్పుని సాకేరు.

పదిహేడో స్పానరేసి చేత్తోనే తిప్పేం.
క్రాంకు రెండు చుట్లు, కామ్ ఒక చుట్టు.
పైన గాటు, కింద గాటు
వాటి వాటి బాణాల ఎదటికొచ్చి నిలబడ్డాయి.
"ఇంకోసారి తిప్పనా?"
"తిప్పు."
నాకే నమ్మకం లేదు మరి.

యారాడ ఘాట్. థర్డ్ గేరు.
రెండో మలుపు దాటిపోయింది, నేను చూస్కోలేదు.
కింద సముద్రం, దూరంగా
లోపలికి పిలుపు కోసం చూస్తున్న ఓడలు.
విల్సన్ బాబు డ్యాష్‌బోర్డు తట్టి
"ఎంత మంచి బెల్టు తెచ్చేవురా" అన్నారు.

వెనక సీట్లోంచి నూకరత్నం
అద్దంలో నన్ను చూసింది.
కిరసనాయిలు గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"బెల్టు కాదు బాబూ" అన్నాను.
ఎదురుగా హారన్ కొడుతూ బస్సు.
పక్కకి తీసి, ఆపి,
ఇంజను మాత్రం ఆపకుండా,
తుఫాను మరుసటేడు కాడ్నుంచి
మొదలుపెట్టేను.